రద్దు జాబితాలో ఒక్క పేరు

ముందు మీరు చెప్పండి. ఏం చూశారు?

తడుముకోకండి. బండలు కోసి నునుపు చేసే ఫ్యాక్టరీ నుంచి బస్సుల వైపు వెళ్ళే ఆ సన్న వీధిలో మీరు బోలెడుసార్లు నడిచారు. టైలర్ షాపు దాటగానే ఎడమచేతి వైపు పదడుగుల గోడ ఉంటుంది. దాని మీద ఏం చూశారు? పెచ్చులూడిన సున్నం, సగం చిరిగిన పోస్టరు, వాన కారిన మరక. అంతేనా? మీరు అబద్ధం చెప్తున్నారని ఎవరూ అనడం లేదు. సర్టిఫికెట్ లేనివాళ్ళకి అక్కడ కనపడేది అంతే. ఉన్నవాళ్ళకి అదే చోట ఆకుపచ్చ తలుపు కనపడుతుంది, ఇత్తడి గడియతో సహా. ఆ తలుపు వెనక తాళాలక్క ఉంటుంది.

తాళాలక్కకి అరవై మూడేళ్ళు. ఫ్యాక్టరీ స్టోరుకి పద్దెనిమిదేళ్ళు తాళాలు మోసింది కాబట్టి ఆ పేరొచ్చింది. స్టోరు పోయినా పేరు పోలేదు. ఇప్పుడు ఆమె మెడలో ఒక తాడు, ఆ తాడుకి ఒక పెన్‌డ్రైవ్. కార్మిక సంఘంలో ఎవరికి సర్టిఫికెట్ కావాలన్నా, అంటే ఫోన్‌లో పెట్టుకునే గుర్తింపు, ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్న మూలతాళంతోనే పుట్టాలి. దాని రహస్యపదం కాగితం మీద ఎక్కడా లేదు, ఆమె నోట్లో ఉంది.

రోజూ పొద్దున ఏడింటికి వచ్చి మొదట తడిగుడ్డ తీసుకుంటుంది. గదిలో ఎత్తుపీట మీద ఒక పాత కంప్యూటర్ ఉంది. ఏదో స్కూలువాళ్ళు పనికిరాదని పారేశారు. అదే వాళ్ళ సర్వర్. దుమ్ము ఆ యంత్రానికీ పడదు, తాళాలక్కకీ పడదు. తుడుస్తూ తుడుస్తూ ఆయాసం వస్తే యంత్రం మీదే చెయ్యి ఆనించి నిలబడి, "నీకూ నాకూ గాలాడితేనే బతుకు" అంటుంది. యంత్రం గుర్రుమంటుంది.

ఆ ఒక్క యంత్రంలో నాలుగు కంటైనర్లు, అంటే ఒకదానికొకటి తగలని ప్రోగ్రాములు, నడుస్తుంటాయి. తాళాలక్క వాటిని డబ్బాలంటుంది. ఒక డబ్బాలో కార్మికుల ఊపిరి కొలతలు, ఒక డబ్బాలో ఎక్స్‌రేలు, ఒక డబ్బాలో ఆ రెండింటి నకళ్ళు. నాలుగోది కాపలా డబ్బా. ఎవరొచ్చినా ముందు దానికి సర్టిఫికెట్ చూపించాలి, లేకపోతే వెనక్కి నడవాలి. ఇన్ని డబ్బాలెందుకని అడిగినవాళ్ళకి ఆమె ఒకటే చెప్తుంది. "నీ వంటింట్లో అన్నీ ఒకే డబ్బాలో పోస్తావా? ఒకదాంట్లో పురుగు పడితే పక్కదాంట్లోకి పాకకూడదు."

ఇదంతా నేర్పింది మేనకోడలు, తాళాలక్క తమ్ముడి కూతురు. అరవై దగ్గరపడ్డాక నేర్చుకున్న విద్య కాబట్టి తాళాలక్కకి కొన్ని విషయాలు గట్టిగా పట్టుబడ్డాయి, కొన్ని పట్టుబడలేదు. పట్టుబడనిది ఒకటుంది. డబ్బా లోపల రాసుకున్నది ఆ డబ్బాతోనే పోతుంది. నిలవాలనుకున్నది ఏదైనా బయట అరలో పెట్టి, డబ్బాకి ఆ అర చూపించాలి. కొలతలూ ఎక్స్‌రేలూ అన్నీ అలా బయట అరలోనే ఉన్నాయి, అవి మేనకోడలు పెట్టింది కాబట్టి. ఒక్కటి మాత్రం తాళాలక్క తనే పెట్టింది. దాని సంగతి వస్తుంది.

పొద్దుటి షిఫ్టువాళ్ళు బయటికి రాగానే వరసగా తలుపు తీసుకుని లోపలికొస్తారు. తెల్లటి మనుషులు. కనుబొమలు తెలుపు, చెవులు తెలుపు, కనురెప్పల చివర్లు తెలుపు. ఒక్కొక్కరూ ఊపిరి కొలిచే గొట్టంలోకి మూడుసార్లు ఊదాలి. మూడింటిలో పెద్ద అంకె వాళ్ళే తమ ఫోన్‌లోంచి ఎక్కించాలి. ఎక్కించినప్పుడు వాళ్ళ సర్టిఫికెట్ ముద్ర దాని మీద పడుతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ మార్చలేరు, తాళాలక్క కూడా.

"ఊదు, ఊదు. పెళ్ళాం మీద అరిచేటప్పుడు వచ్చే గాలి ఇప్పుడేమైంది?" అంటుంది తాళాలక్క.

"పెళ్ళామే నా మీద అరుస్తోందక్కా, నాకు గాలెక్కడిది?" అంటాడు ఈలాయన. ఊపిరి పీల్చినప్పుడల్లా గుండెలో ఈల వినపడుతుంది కాబట్టి ఆయనకి ఆ పేరు. నిరుడు మూడువందలు ఊదేవాడు. ఇప్పుడు నూట తొంభై దాటడం లేదు.

కంపెనీ ఆసుపత్రి కంప్యూటర్‌లో మాత్రం ఈలాయన ఊపిరితిత్తులు కొత్త బంతుల్లా ఉన్నాయి. అందరివీ అలాగే ఉన్నాయి. ఒకాయన చనిపోయిన నెలలో కూడా ఆయన పేరు పక్కన "ఆరోగ్యం తృప్తికరం" అని రాసుంది. అది చూశాకే నాలుగేళ్ళ కిందట సంఘంవాళ్ళు ఈ సర్వర్ పెట్టుకున్నారు. ఏదైనా పెద్ద కంపెనీ దగ్గర చోటు అద్దెకి తీసుకోవచ్చుగా అని ఎవరో సలహా ఇచ్చారు. తాళాలక్క ఒప్పుకోలేదు. "ఒక్క లాయరు ఉత్తరం రాగానే తుడిచేసి చేతులు దులుపుకుంటారు. మన ఊపిరి మన గదిలోనే ఉంటుంది. రావాలనుకున్నవాడు మన గుమ్మంలోకే రావాలి."

గుమ్మం సంగతి ఆ మాట అన్న వారంలోనే తేలిపోయింది. కాపలా డబ్బా నడవడం మొదలైన రోజునుంచి సర్టిఫికెట్ లేనివాళ్ళకి తలుపు కనపడటం మానేసింది. ఉత్తరాలు తెచ్చే మనిషి రెండు రోజులు గోడ ముందు తచ్చాడి, మూడోరోజు నుంచి టైలర్‌కి ఇచ్చి పోవడం అలవాటు చేసుకున్నాడు. ఫోన్ ఇంట్లో మరచిపోయి వచ్చినవాళ్ళు గోడ ముందు నిలబడి కేకేసేవారు. గడువు దాటినవాళ్ళు కూడా అంతే. మొదట ఇచ్చిన పది సర్టిఫికెట్లకి తెలియక ఐదేళ్ళ గడువు పెట్టారు గానీ, తర్వాత ఇచ్చినవాటన్నిటికీ ఏడాదే. ఏడాది తిరిగాక ఎవరైనా గోడకి ముక్కు కొట్టుకుంటే టైలర్ కుట్టుమిషన్ ఆపకుండానే, "గడువైపోయుంటుంది, అక్కగారికి చెప్తాలే, నిలబడు" అనేవాడు. టైలర్‌కి సర్టిఫికెట్ లేదు. మనుషులు గోడలోకి వెళ్ళడం, గోడలోంచి రావడం రోజూ చూస్తాడు. ఆయన బాధల్లా సైకిళ్ళన్నీ తన వైపు ఆనిస్తున్నారనే.

ఇంకొక్కటి గుర్తుంచుకోండి. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకొస్తే లేనివాళ్ళు కూడా లోపలికి రావచ్చు. సంఘం తరఫున ఎక్స్‌రేలు చూసే డాక్టరమ్మ మొదటిసారి అలాగే వచ్చింది, ఈలాయన చెయ్యి పట్టుకుని.

ఇక తమ్ముడి సంగతి.

ఆ గది కట్టింది తమ్ముడే, అతనూ ఆ ఫ్యాక్టరీ మనిషే. సెలవు రోజుల్లో ఇటుకలు మోసి, తనే తాపీ పట్టి, వీధి వైపు గోడకి తనే సున్నం వేశాడు. మొదటి పది సర్టిఫికెట్లలో రెండోది అతనిది. మొదటిది తాళాలక్కది. చిన్నప్పుడు అమ్మ పోతే వాణ్ణి చంకనెత్తుకుని పెంచింది ఆవిడే. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ ఎత్తదు.

మూడేళ్ళ కిందట, ఫ్యాక్టరీ దుమ్ము మీద విచారణ వేయాలని సంఘం అర్జీ పెట్టగానే, మేనేజరు తాళాలక్కని పిలిచాడు. బల్ల మీద ఒక రిజిస్టరు. ఆరేళ్ళుగా ప్రతి కార్మికుడికీ నెలకి రెండు మాస్కులు అందినట్టు రాసుంది. కింద స్టోరు బాధ్యురాలి సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"మాస్కులు స్టోరుకే రాలేదు సార్. ఆరేళ్ళలో ఒక్క పెట్టె కూడా నేను చూడలేదు."

"చూశావా లేదా అని నేను అడగలేదమ్మా. సంతకం పెట్టమన్నాను."

"చూడనిది చూశానని ఎలా పెడతాను?"

"రిటైరవడానికి ఎన్నాళ్ళుంది నీకు?"

"పదకొండు నెలలు."

"ఆలోచించుకో మరి."

ఆవిడ అక్కడికక్కడే ఆలోచించుకుంది. తాళాలగుత్తి బల్ల మీద పడేసి బయటికొచ్చేసింది. అది రిజిస్టరు మీద పడి చప్పుడైంది. మర్నాడు ఆ కుర్చీలో తమ్ముడు కూర్చున్నాడు. ఆ సంతకం తమ్ముడు పెట్టాడు.

విన్న సాయంత్రం తాళాలక్క నేరుగా గదికి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు. మేనకోడలు ఊళ్ళో లేదు. ఎలా చేయాలో పక్కనుండి చెప్పేవాళ్ళు లేరు. ఆవిడే కాపలా డబ్బా లోపలికి దిగి, రానివ్వకూడనివాళ్ళ పేర్లు రాసే రద్దు జాబితాలో తమ్ముడి సర్టిఫికెట్‌ని చేర్చింది. అప్పటిదాకా ఆ జాబితా ఖాళీ. తర్వాత కూడా అందులో ఇంకో పేరు పడలేదు. నాలుగేళ్ళకీ ఒక్కటే పేరు.

తమ్ముడు మర్నాడే వచ్చాడు. పైన వెంటిలేటర్ సందులోంచి ఆవిడ చూసింది. తను సున్నం వేసిన గోడనే అరచేత్తో తడుముకుంటూ ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి నాలుగుసార్లు నడిచాడు. టైలర్ మిషన్ ఆపి, "గడువైపోయిందేమో" అన్నాడు. "అవును, అయిపోయింది" అని తమ్ముడు వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి మేనకోడలు ఇంట్లో నాన్నతో, గదిలో అత్తతో. ఇద్దరి మధ్యా ఒక్క మాట మోయలేదు. ఇద్దరూ అడగలేదు.

ఇప్పుడు ఆ రోజు దగ్గరికి వద్దాం. మూడేళ్ళు నానబెట్టాక విచారణ మొదలైంది. మధ్యాహ్నం మూడింటికి విచారణాధికారి తన ఆఫీసులో కూర్చుని, సంఘం సర్వర్ తెరిచి, కొలతలన్నీ స్వయంగా చూస్తానన్నాడు. ఆయనకని తాళాలక్క ఒక సర్టిఫికెట్ తీసి పంపింది. పొద్దున తొమ్మిదింటికి అక్కడి గుమస్తా ఫోన్ చేశాడు. సర్టిఫికెట్ బాగానే ఎక్కింది గానీ, మీ కాపలా డబ్బా మరీ పాతది, మా కంప్యూటర్ దాంతో మాట్లాడనంటోంది అన్నాడు.

"పది నిమిషాల పని" అంది మేనకోడలు. "పాత డబ్బా తీసేసి కొత్తది పెడతాను."

"ఇన్నేళ్ళూ ఆపి మొదలుపెట్టడమే గానీ తీసెయ్యలేదుగా?"

"ఆపి మొదలుపెడితే పాతదే లేస్తుంది అత్తా. అది ముసలిదైపోయింది."

"ముసలివాళ్ళని తీసెయ్యడం మీకు బాగా అలవాటైంది" అంది తాళాలక్క. మేనకోడలు నవ్వుతూ పాత డబ్బాని తీసిపారేసింది. కొత్త డబ్బా పుట్టింది. అధికారి ఆఫీసు గుమస్తా మళ్ళీ ఫోన్ చేసి ఇప్పుడు తెరుచుకుందన్నాడు. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. తాళాలక్కకి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

పన్నెండు గంటలకి వీధిలో చక్రాల బండి కిర్రుమంది. వెంటిలేటర్ కింద బూట్ల చప్పుడు.

"ఇదేనా?" అన్నాడొకడు. కంపెనీ ఆఫీసరు గొంతు అది. ఇంతకుముందు రెండుసార్లు వచ్చి గోడ చూసి వెళ్ళాడు. ఈసారి చేతిలో కాగితం ఉంది. అనుమతి లేకుండా మనుషుల ఆరోగ్య వివరాలు దాచిన యంత్రాన్ని ఎక్కడున్నా పట్టుకుపోవచ్చని ఎవరిదగ్గరో రాయించుకొచ్చాడు. యంత్రం పోతే మూడింటికి అధికారి ముందు తెరుచుకునేది ఒక్క కంపెనీ ఆసుపత్రి కంప్యూటరే, అందులో అందరూ ఆరోగ్యవంతులే.

"ఏమయ్యా టైలర్, ఇక్కడ తలుపేది?"

"నేను పాతికేళ్ళుగా ఇక్కడే ఉన్నాను సార్. నాకు కనపడేది గోడే. కావాలంటే కొలుచుకోండి, టేపు ఇస్తాను."

లోపల తాళాలక్క నవ్వుకుంది. "పోనీలే, ఇంకోసారి గోడ చూసి పోతారు" అంది.

"ఈసారి కట్టినవాణ్ణే తెచ్చాను" అన్నాడు ఆఫీసరు బయట. "ఏమయ్యా, నువ్వే కదా కట్టావు? రా, ముందుకి రా. ఎక్కడుందో చూపించు."

తాళాలక్క నవ్వు ఆగిపోయింది గానీ భయం మాత్రం కలగలేదు. తమ్ముడికి కూడా గోడే కనపడుతుంది. ఆ ఏర్పాటు ఆవిడే చేసింది.

అంతలో మేనకోడలి తెర మీద ఒక కొత్త గీత వచ్చింది. వచ్చినవాళ్ళనీ, తోసేసినవాళ్ళనీ వరసగా రాసే చిట్టా అది.

"అత్తా. నాన్న పేరు."

"ఏమైంది?"

"అనుమతించబడింది అని రాస్తోంది." మేనకోడలు అత్త వైపు తిరిగింది. "రద్దు జాబితా ఎక్కడ పెట్టావు నువ్వు?"

"డబ్బాలో."

"బయట అరలో కాదా?"

"కాపలా డబ్బాలోనే. అప్పుడు నువ్వు లేవు. నాకు తెలిసినట్టు నేను పెట్టాను."

"అత్తా, పొద్దున నేను తీసిపారేసింది ఆ డబ్బానే."

తాళాలక్క తెర మీదకి వంగి చూసింది. మూడేళ్ళు ఎవరికీ చెప్పకుండా మోసిన కోపం, చెప్పులు కూడా విప్పకుండా రాసిన పేరు, పాత డబ్బాతో పాటు చెత్తలోకి పోయింది. బయట తమ్ముడికి ఈ క్షణాన ఆకుపచ్చ తలుపు కనపడుతోంది. ఇత్తడి గడియ కనపడుతోంది. ఇటు చెయ్యి చాచి, అటు ఆఫీసరు చెయ్యి పట్టుకుంటే చాలు.

 బయట కుట్టుమిషన్ ఆగింది.

"మళ్ళీ ఎక్కించేస్తాను" అంది మేనకోడలు. "అర నిమిషం. నొక్కితే తలుపు పోతుంది. నొక్కనా?"

"వాడి ఫోన్‌లో ఇంకా ఉందా ఆ సర్టిఫికెట్? మూడేళ్ళయింది కదే."

పిల్ల తెర వైపు తిరిగింది. చిట్టా మాత్రం మొదటినుంచీ బయట అరలోనే ఉంది, ఒక్క గీత పోలేదు. వేలితో పైకి జరిపింది. తిరస్కరించబడింది. తిరస్కరించబడింది. తిరస్కరించబడింది. అన్నీ ఒకే పేరు, అన్నీ పొద్దున ఆరింటికి.

"రోజూ ఒకసారి తట్టేవాడు. ఫోన్ రెండుసార్లు మార్చాడు, రెండుసార్లూ సర్టిఫికెట్ కొత్తదాంట్లోకి మార్చుకున్నాడు. అది ఫోన్ తనంతట తాను చేసేది కాదు అత్తా, వేలితో నొక్కాలి. నేను చూస్తూనే ఉన్నాను. నీకు చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు."

బయట ఆఫీసరు విసుక్కున్నాడు. "ఏంటయ్యా అలా నిలబడిపోయావు? ఏం కనపడుతోంది?"

"అత్తా, నొక్కనా?"

తాళాలక్క మేనకోడలి మణికట్టు పట్టుకుంది.

"ఆగు. మూడేళ్ళు వాడికి గోడ చూపించాను. గోడని గోడ అనడానికి దమ్మెందుకు? తలుపు చూసి ఏం చెప్తాడో నన్ను విననీ."

"లోపలికి తీసుకొస్తే?"

"తీసుకురానీ. ఈ పీటకి అడ్డంగా నేను నిలబడతాను. నన్ను దాటుకుని వాడే ఎత్తుకుపోవాలి దీన్ని. చంకనెత్తుకుని పెంచాను, ఆ మాత్రం వాడి కళ్ళల్లోకి చూడగలను."

అని, నిజంగానే పీటకి అడ్డంగా నిలబడింది. ఆ నిలబడ్డానికే ఆయాసం వచ్చింది.

బయట తమ్ముడు దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. ఆ దగ్గులో ఈల ఉంది. తాళాలక్క చెవులు అలాంటి ఈలలు రోజుకి యాభై వింటాయి. ఎంత లోతునుంచి వస్తోందో ఇట్టే చెప్పగలవు.

"తలుపు ఉంది సార్" అన్నాడు తమ్ముడు.

మేనకోడలు కళ్ళు మూసుకుంది.

"హమ్మయ్య. తెరువు మరి."

"తెరవను."

"ఏమన్నావ్?"

"తలుపు ఉంది, నాకు కనపడుతోంది, తెరవను అన్నాను. ఆకుపచ్చ రంగు వేసింది నేనే. గడియ బిగించింది నేనే. తెరవను."

"పిచ్చెక్కిందా? లేదని చెప్పి ఊరుకున్నా సరిపోయేది కదయ్యా."

"సరిపోయేది సార్. ఒకసారి చూడనిది చూశానని రాసిచ్చాను. ఆ కుర్చీలో మూడేళ్ళుగా కూర్చుంటున్నాను, ఒక్కరోజు కూడా వీపు ఆనలేదు. ఇవాళ చూసింది చూడలేదని కూడా చెప్పమంటారా? ఒక మనిషి ఎన్నని మింగుతాడు?"

"ఉద్యోగం ఉండదు."

"తాళాలు ఇవిగో."

తాళాలగుత్తి నేల మీద పడిన చప్పుడు గోడ ఇవతలికి వినపడింది. ఆ చప్పుడు తాళాలక్కకి తెలుసు. ఆ గుత్తిలో ఎన్ని తాళాలున్నాయో కూడా తెలుసు. పదిహేడు.

ఆఫీసరు ఊరుకుంటాడా? బండి తెచ్చిన ఇద్దరినీ గోడ పగలగొట్టమన్నాడు. వాళ్ళు సుత్తులెత్తారు. గోడ గోడే కదా, పెచ్చులు రాలాయి, ఇటుక ఊడింది. ఇటుక వెనక ఇటుక. దాని వెనక ఇటుక. చెయ్యి దూరేంత లోతు తవ్వినా ఇటుకే. లోపల మాత్రం ఎవరో చెంచాతో గ్లాసు మీద కొడుతున్నట్టు సన్నటి చప్పుడు.

"ఒరేయ్, అవతల నా షాపుంది!" టైలర్ కత్తెర పట్టుకుని రోడ్డు మీదికొచ్చాడు. "కాగితంలో యంత్రమని రాసుందా, నా గోడ అని రాసుందా? చదవండి, పైకి చదవండి, నేనూ వింటాను!" షిఫ్టు దిగినవాళ్ళు అప్పుడే వస్తున్నారు. తెల్లటి మనుషులు ఇరవై మంది, ముప్ఫై మంది వీధి నిండా నిలబడ్డారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఊరికే నిలబడి ఊపిరి పీల్చారు. అన్ని ఈలలు ఒక్కసారి వినిపిస్తే ఎలా ఉంటుందో మీరు ఊహించుకోండి. సుత్తులు పట్టినవాళ్ళు సుత్తులు దించేశారు. ఒకటిన్నరకి ఖాళీ బండి కిర్రుమంటూ వెనక్కి పోయింది.

అప్పుడు గడియ కదిలింది.

తమ్ముడు గుమ్మంలోనే ఆగాడు. సుత్తి దెబ్బలకి గోడ నుంచి రాలిన సున్నం తలమీద ఉంది. తను వేసిన సున్నమే.

"తలుపు తెరిచావు కదక్కా" అన్నాడు. "ఇవాళ తెరుస్తావని అనుకోలేదు."

తాళాలక్క ఒక్కసారి తల ఊపితే సరిపోయేది. మేనకోడలు ఊపమన్నట్టు చూసింది కూడా. కానీ ఆవిడ లేనిదానికి తల ఊపే మనిషైతే ఈ కథే లేదు.

"నేను తెరవలేదురా. జాబితా పెట్టకూడని చోట పెట్టాను. పొద్దున డబ్బా మార్చేసరికి నీ పేరు కొట్టుకుపోయింది. పొరపాటు, అంతే."

తమ్ముడు తలమీది సున్నం దులుపుకున్నాడు.

"మరి తెలిశాక మూసెయ్యలేదే?"

"మూయలేదు."

"ఎందుకని?"

"నువ్వేం కూస్తావో విందామని."

తమ్ముడు నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తగ్గేదాకా అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. తర్వాత తాళాలక్క గొట్టం తీసి, దాని మూతి తుడిచి, అతని చేతిలో పెట్టింది.

"ఊదు."

"నాకెందుకక్కా, నేను స్టోరులో కూర్చునేవాణ్ణి."

"స్టోరు కిటికీకి అద్దం లేదని నాకు తెలియదా? ఊదు."

ఊదాడు. నూట ఎనభై. రెండోసారి ఊదాడు, నూట తొంభై. మూడోసారి ఊదబోయి మధ్యలో ఆగి పీట పట్టుకున్నాడు. మేనకోడలు అటు తిరిగి తెర తుడిచింది, తెర మీద ఏమీ లేకపోయినా.

"నీ ఫోన్‌లోంచి నువ్వే ఎక్కించు" అంది తాళాలక్క. "నీ ముద్ర పడాలి. కింద రాయడానికి చోటుంటుంది. రాయాల్సింది ఏమైనా ఉంటే రాసుకో. నేను చూడను."

తమ్ముడు గోడకి ఆనుకుని కూర్చుని గంటసేపు రాశాడు. వేలు ఆగుతూ, చెరుపుతూ, మళ్ళీ నొక్కుతూ. ఏ తేదీన పిలిచారు, రిజిస్టరులో ఎన్ని పేజీలు, ఏ రంగు సిరా, స్టోరులో నిజంగా ఉన్న మాస్కులు ఎన్ని. సున్నా. పక్కన అక్షరాల్లో కూడా రాశాడు. రెండూ ముప్పావుకి ఎక్కించాడు. తమ్ముడి ముద్ర పడింది. ఇక దాన్ని ఎవరూ మార్చలేరు, తమ్ముడు కూడా.

మూడింటికి అధికారి తెరిచాడు. నాలుగున్నర దాకా మూయలేదు. చిట్టాలో ఆయన పేరు పక్కన ఒక్కొక్క గీతా పడుతుంటే ముగ్గురూ నిలబడి చూశారు. ఈలాయన కొలతలు చూశాడు. పోయినవాళ్ళ ఎక్స్‌రేలు చూశాడు. తమ్ముడు రాసింది ఏడుసార్లు తెరిచాడు.

ఆ సాయంత్రం మేనకోడలు రద్దు జాబితాని బయట అరలో పెట్టింది, ఎన్ని డబ్బాలు మారినా పోకుండా. పెట్టి, అత్త మొహంలోకి చూసింది. "ఏమైనా పేరు ఎక్కించాలా?"

"తెల్లకాగితం అలాగే ఉండనీ" అంది తాళాలక్క. "వాడి సర్టిఫికెట్‌కి ఇంకో ఏడాది గడువుంది. తర్వాత అందరిలాగే వచ్చి వరసలో నిలబడి తీసుకుంటాడు. ప్రత్యేకం ఏమీ లేదు."

ఇప్పుడు తమ్ముడికి ఉద్యోగం లేదు. పొద్దున ఏడింటికి గదికి వచ్చి తడిగుడ్డ అక్క చేతిలోంచి లాక్కుంటాడు. ఇద్దరూ ఆ గుడ్డ కోసం రోజూ పోట్లాడుకుంటారు. పెచ్చులూడిన గోడకి మళ్ళీ సున్నం వేశాడు.

అయితే కథ ఇంకా తెగలేదు. మొన్నటి వాయిదాలో కంపెనీ లాయరు లేచి నిలబడ్డాడు. ఊదినవాళ్ళూ వీళ్ళే, రాసుకున్నవాళ్ళూ వీళ్ళే, చివరికి సాక్షి కూడా ఆవిడ తమ్ముడే అన్నాడు. బయటివాళ్ళు ఒక్కరంటే ఒక్కరు చూశారా అని అడిగాడు. అధికారి రెండు వారాలు గడువిచ్చాడు. ఫ్యాక్టరీ మనిషి కాకుండా, సంఘం మనిషి కాకుండా, ఊరికే ఆ దారిన పోయేవాళ్ళు ఎవరైనా ఉంటే తీసుకురమ్మన్నాడు.

తాళాలక్క మెడలో తాడు తీసి, పెన్‌డ్రైవ్ పెట్టి, రహస్యపదం కొట్టి, కొత్త సర్టిఫికెట్ ఒకటి సిద్ధం చేసి కూర్చుంది. పేరు రాయాల్సిన చోటు ఒక్కటే ఖాళీ. అది రాస్తే చాలు, ఆ పేరున్న మనిషికి తలుపు కనపడుతుంది.

మీరు ఫ్యాక్టరీ మనిషి కారు. సంఘం మనిషీ కారు. రోజూ సాయంత్రం బస్సు కోసం ఆ వీధిలోంచే నడుస్తారు. షిఫ్టు దిగి, పిండిలో ముంచి తీసినట్టున్న మనుషులు మీ పక్కనుంచే దగ్గుకుంటూ వెళ్తారు. మీరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకోవడం టైలర్ చూశాడు.

కాబట్టి మళ్ళీ అడుగుతున్నాను, ఈసారి ఆలోచించి చెప్పండి. ఇన్నేళ్ళూ మీరు చూసింది ఉత్త గోడేనా?